డ్రమ్ కనబడని బంపర్‌తో కొన్నేళ్లు

మా టొయోటా టకోమా పికప్ ట్రక్కుకు ముందు ఉక్కు బంపర్, దాని లోపల 10,000 పౌండ్ల దాకా లాగగలిగే వించ్ (కూరుకుపోయిన బండిని డ్రమ్ మీది తాడుతో బయటికి లాగే మోటారు) బిగించుకొని కొన్నేళ్లయింది. వించ్ మీద నాకు ఫిర్యాదు లేదు, ఉక్కు గట్టితనం మీదా లేదు. నా కోపమంతా ఒక్క విషయం మీదనే: వించ్‌ను లోపల దాచేసే ఈ రకం బంపర్లలో తాడు చుట్టుకునే డ్రమ్ కంటికి కనబడదు. దుకాణంలో చూసినప్పుడు ఇది లోపంగా తోచదు, పైగా అందంగా అనిపిస్తుంది. బండి బురదలో కూరుకుపోయి, లోపల తాడు ఏమవుతోందో తెలియక నిలబడినప్పుడు మాత్రం ఆ అందం కోసం ఏం వదులుకున్నామో అర్థమవుతుంది.

మేముండేది సియాటిల్ దగ్గర. వేసవి చివరి నుంచి మంచు పడేదాకా కాస్కేడ్ పర్వతాల అటవీ దారుల్లో తిరగడం మా ఇంటిల్లిపాదికీ ఇష్టం. చాలాసార్లు మాది ఒక్క బండే ఉంటుంది గనుక వించ్ కావాలనుకున్నాను. బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగే వించ్ ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. ఈ టకోమాకు అనుమతించిన మొత్తం బరువు 5,600 పౌండ్లు కాబట్టి 8,400 చాలు. అయినా 10,000 తీసుకోవడానికి కారణం, ఆ అంకె డ్రమ్ మీద తాడు మొదటి వరుసలో ఉన్నప్పటిది మాత్రమే కావడం. పై వరుసలకు వచ్చేకొద్దీ లాగే బలం తగ్గుతూ, చివరి వరుసకు దాదాపు మూడో వంతు పోతుంది. అంటే డ్రమ్ మీద ఎన్ని వరుసలున్నాయో చూడలేనివాడికి తన వించ్ ఆ క్షణాన ఎంత లాగగలదో కూడా తెలియదు.

ఇది నాకు పూర్తిగా బోధపడింది కాస్కేడ్ కొండలను దాటే నాచెస్ పాస్ అనే కనుమ దారిలో. 1853లో లాంగ్‌మైర్ కుటుంబం ఉన్న వలస బృందం ఆ కొండల మీదుగానే తమ బళ్లను తాళ్లు కట్టి కిందికి దించింది. తాడు చాలకపోతే ఎద్దులను చంపి, వాటి తోళ్లతో పొడిగించుకున్నారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఇప్పుడది ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు తిరిగే దారి. అక్టోబరు వానల తరువాత గ్రీన్‌వాటర్ వైపు నుంచి ఎక్కుతుండగా కుడి గట్టు జారి, ఆ వైపు రెండు చక్రాలూ ఇరుసు దాకా బురదలోకి దిగిపోయాయి. తాడు కట్టదగిన చెట్టు ఒక్కటే, ఎడమ పక్కన పైన ఉన్న డగ్లస్ ఫర్. బెరడు దెబ్బతినకుండా వెడల్పాటి పట్టీ చుట్టి, షేకిల్ (తాడును పట్టీకి కలిపే ఉక్కు కొక్కెం) తగిలించి, తాడు మీద బరువైన దుప్పటి వేసి, నేనూ నా భార్యా మా బావమరిదీ దూరంగా నిలబడి రిమోట్ నొక్కాం. బండి కదిలింది.

పక్కకు లాగినప్పుడు తాడు డ్రమ్ అంతటా సమంగా పరుచుకోదు. లాగే వైపు అంచు దగ్గరే పోగుపడుతుంది. అందుకే కొద్ది కొద్దిగా లాగాలని, తాడు పోగుపడుతుంటే ఆపి సర్దుకోవాలని వించ్‌తో వచ్చే పుస్తకం చెబుతుంది. కొద్ది కొద్దిగానే లాగాం. చూడమన్నదాన్ని మాత్రం ఈ బంపర్ చూడనివ్వదు: తాడు బయటికి వచ్చే సన్నటి సందులోంచి టార్చి వేస్తే డ్రమ్ నడిమి భాగం కనబడుతుంది, అంచులు కనబడవు. బండి ఇంకా సగం గోతిలో ఉండగానే మోటారు చప్పుడు బరువెక్కి, కదలిక ఆగిపోయింది. పోగుపడిన తాడు బంపర్ పై పలకను తాకి, పలకకూ డ్రమ్ అంచుకూ మధ్య ఇరుక్కుపోయింది. తాడు వదిలే బొత్తాం నొక్కితే డ్రమ్ తిరిగిందే గాని తాడు బయటికి రాలేదు. చుట్లు లోపలే వదులై ఒకదాని కింద ఒకటి దూరిపోయాయి. డ్రమ్‌ను మోటారు నుంచి విడిపించే క్లచ్ లీవర్ తిప్పి చేత్తో లాగుదామంటే, ఆ లీవర్ ఉన్నది గ్రిల్ కింది ఇరుకులో. చేతికి తొడుగు ఉంటే వేళ్లు పట్టవు, తీసేస్తే చలికి వేళ్లు ఆడవు.

చక్రాల కింద రాళ్లు పేర్చి, రిమోట్ తీగ పీకేసి నా జేబులో పెట్టుకొని, తాడు బయటికి వచ్చే సందుకు బిగించిన చట్రం, అంటే ఫెయిర్‌లీడ్, దాని బోల్టులు రెండూ విప్పాను. ఆ రంధ్రంలోంచి బావమరిది మొద్దుపాటి చెక్కపుల్లతో ఒక్కొక్క చుట్టునూ విడదీసేసరికి చీకటి పడింది. ఫెయిర్‌లీడ్ తిరిగి బిగిస్తుండగా పైనుంచి దిగివస్తున్న జీపు ఒకటి మాకు సూటిగా ఎదురుగా ఆగింది. తాడు పోగులు పైపైన రేగాయి గాని ఒక్కటీ తెగలేదని చూసుకున్నాక, తాడు వాళ్ల బండికి తగిలించి తిన్నగా లాగితే, అంతసేపూ మొరాయించిన అదే వించ్ నిమిషాల్లో మమ్మల్ని పైకి తెచ్చింది. ఇంటికి వచ్చాక కొత్త తాడు వేయించాను.

బిగించిన కొత్తలో, ఈ బంపర్ టొయోటా ఫ్యాక్టరీ నుంచే బండితో వచ్చినట్టుందని అడిగినవారందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఆ పొందిక ఇప్పటికీ ఉంది. పై పలకను డ్రమ్ మీదికి బాగా దించడం వల్లనే అది సాధ్యమైంది, తాడును పట్టేసిందీ ఆ పలకే. రోడ్డు మీదికి దూకిన జింక తగిలినప్పుడు రేడియేటర్‌కు ఏమీ కాలేదన్నదీ నిజమే. ఫెండర్ మాత్రం నలిగింది, ఎందుకంటే చక్రాలకు చోటు వదలడానికి ఈ బంపర్ చివరలను కురచగా కోశారు. టొయోటా చిహ్నం వెనక ఉండి ముందున్న బళ్లను పసిగట్టే రాడార్‌కు అడ్డు రాలేదు, కానీ గ్రిల్ ముందు గొట్టం ఉండే నమూనాలకు ఈ మాట చెప్పలేను. ముందు వైపు పెరిగిన బరువుకు కాయిల్ స్ప్రింగులు మార్చక తప్పలేదు. ఆ ఖర్చు మొదటే కలుపుకోవాలి.

అమ్మినవారికి ఫొటోలతో సహా రాస్తే, ఇది లోపం కాదని, డిజైనే అలాంటిదని జవాబిచ్చారు. చివరికి వెల్డింగ్ షాపులో పై పలకకు రెండు వైపులా అరచేయి పట్టేంత కిటికీలు కోయించి, బోల్టులతో బిగించే మూతలు పెట్టించాను. వారంటీ పోయింది. ఇక్కడి వానలకు కోసిన అంచులు తుప్పు పడతాయి గనుక ఏటా గీకి రంగు వేయాల్సి వస్తోంది. అయినా మూత తీస్తే డ్రమ్ అంచులు రెండూ కనబడుతున్నాయి, ఆ ఊరట ముందు ఈ శ్రమ లెక్కలోది కాదు.

హైదరాబాద్ నుంచి బంధువులు ఇలాంటిదే పెట్టించుకోవచ్చా అని అడుగుతుంటారు. కార్లకు క్రాష్ గార్డులు, బుల్ బార్లు (ముందు వైపు అదనంగా పెట్టే ఇనుప రక్షణలు) బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి నా అనుభవం వారికి పనికిరాదు. ఇక్కడైనా, ఎప్పుడూ రెండు మూడు బళ్లతో కలిసి వెళ్లేవారికి సాగే తాడు, చక్రాల కింద పరిచే పలకలు చాలవచ్చు. ఒంటరిగా తిరిగేవారు కొనే ముందు వించ్ బిగించి ఉన్న బండినే చూపించమని అడిగి, చేతికి తొడుగు వేసుకొని క్లచ్ లీవర్ తిప్పి చూడాలి. మళ్లీ కొనాల్సి వస్తే డ్రమ్ పైకి తెరిచి ఉండే బంపర్‌నే తీసుకోవాలని నాకుంది. కానీ అలాంటివి ముందుకు మరికొంత పొడుచుకు వస్తాయి. మా అపార్ట్‌మెంట్ గ్యారేజీలో ఇప్పటికే ఈ బండికీ తలుపుకూ మధ్య కొన్ని అంగుళాలే మిగులుతున్నాయి, కనుక ఇల్లు మారితే గాని ఆ విషయం తేలదు.