సగం టన్ను కూడా లేని ఏసీ, గుడ్డ గోడల బండి

ముందే చెప్పేస్తాను. ఏసీకి అయిదుకి నాలుగు స్టార్లు. దాన్ని మా పాపప్ క్యాంపర్‌లో బిగించాలన్న నా ఆలోచనకి మొదటి రోజు ఒక్క స్టారే ఇచ్చాను, ఇప్పుడు నాలుగిస్తున్నాను. ఇదే పని చేద్దామనుకుంటున్న వాళ్ళు చదివితే ఒక ప్లైవుడ్ షీటు, ఒక శనివారం మిగులుతాయి.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పాపప్ క్యాంపర్ చూడని వాళ్ళ కోసం: నడుం ఎత్తు పెట్టె, దానికో మూత, కింద రెండు చక్రాలు. హ్యాండిల్ తిప్పితే మూత పైకి లేస్తుంది. రెండు కొసల నుంచి రెండు మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి. మూతకీ పెట్టెకీ మధ్య ఉన్నదంతా టెంటు గుడ్డే. మడిచేస్తే మా గరాజ్‌లో పడుతుంది. ఖాళీ బరువు 1,700 పౌండ్లు, మా సియెన్నా వ్యాన్ 3,500 దాకా లాగుతుంది కాబట్టి ట్రక్కు కొనక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో 3,200 డాలర్లకి వచ్చింది. ఏసీ లేదు. కొన్నది మార్చిలో కాబట్టి అదొక లోటని అనిపించలేదు. మే నెలలో అనిపించింది.

మొదట రూఫ్‌టాప్ ఏసీ గురించి అడిగాను. 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత), బరువు 80 నుంచి 100 పౌండ్లు. మా బండి మూత అంత బరువు మోసేలా కట్టింది కాదు, లోపల అడ్డపట్టీలు వేయాలి, పైకెత్తే కేబుళ్ళు, స్ప్రింగులు కూడా చూసుకోవాలి అన్నారు. అన్నీ కలిపి 1,800 డాలర్లు. బండి ధరలో సగం పైన. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉందని వదిలేశాను.

తర్వాత మా ఆయన, చక్రాల మీద తోసుకెళ్ళే పోర్టబుల్ ఏసీ కొందామన్నారు. ఒక గొట్టం ఉండే రకం. అది గదిలో గాలినే తీసుకుని, దానికి వేడి ఎక్కించి గొట్టంలోంచి బయటికి తోస్తుంది. బయటికి పోయిన గాలి స్థానంలో మళ్ళీ గాలి రావాలి కదా? మా బండిలో అది జిప్పుల సందుల్లోంచి, గుడ్డ అంచుల్లోంచి వస్తుంది. అంటే ఒక పక్క చల్లబరుస్తూ ఇంకో పక్క వడగాలిని పిలుచుకోవడం. వద్దన్నాను.

చివరికి మిగిలింది అందరికీ తెలిసిన కిటికీ ఏసీ. 5,000 బీటీయూ, రెండు నాబ్‌లు, రిమోట్ లేదు, 159 డాలర్లు. పదహారు అంగుళాల వెడల్పు, పన్నెండు ఎత్తు, 41 పౌండ్లు. మన లెక్కలో టన్ను అంటే 12,000 బీటీయూ కాబట్టి ఇది సగం టన్ను కూడా కాదు. డబ్బా మీద 150 చదరపు అడుగుల గదికి సరిపోతుందని ఉంది. మా బండి పూర్తిగా తెరిస్తే 140 దాకా వస్తుంది. లెక్క సరిపోయిందని సంబరపడ్డాను. ఆ లెక్క గోడలున్న గదికి. గుడ్డకి కాదు.

అప్పటికి నాన్న ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. మాది రెంటచింతల. ఎండల గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. నాన్న అక్కడ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను టేపు పెట్టి కొలతలు తీస్తుంటే వెనకాలొచ్చి నిలబడి, "ముందు ఎర్తు ఉందో లేదో చూసుకున్నావా అమ్మా?" అన్నారు. ఆ తర్వాత ఈ పని ఆయనదైపోయింది, నేను హెల్పర్‌ని.

బండిలో పాత ఐస్‌బాక్స్ ఉండే అర ఒకటి ఉంది, నేలకి జానెడు ఎత్తులో. దాన్ని పీకేసి ఏసీని ఆ అరలో కూర్చోబెట్టి, వెనక గోడకి కంత కోసి, దానికి గాలి ఆడే జాలీ తలుపు పెట్టాలన్నది నా ప్లాను. ఏసీ మొత్తం లోపలే, వీపు మాత్రం కంత వైపు. చూడ్డానికి చాలా నీటుగా కుదిరింది. స్విచ్ వేశాం. చల్లగాలి వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇరవై నిమిషాలకి టక్కుమని కంప్రెసర్ ఆగింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. కాసేపటికి మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. అర మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. కొత్తది, పాడైపోయి ఉంటుంది, వాపసు ఇచ్చేద్దామన్నాను.

నాన్న ఏమీ మాట్లాడకుండా ఇంట్లోకెళ్ళి దేవుడి గూట్లోంచి ఒక అగరొత్తు వెలిగించుకొచ్చారు. అర పక్క చెక్క ఒకటి ఊడదీయించి, ఏసీ పక్కనుండే జల్లెడ లాంటి చీలికల దగ్గర పట్టుకున్నారు. పొగ నిటారుగా లేస్తున్నది కాస్తా పక్కకి తిరిగి చీలికల్లోకి గీత గీసినట్టు దూరిపోయింది. అగరొత్తుని వీపు వైపు తెచ్చారు. పొగ కంత దాకా పోయి, జాలీకి కొట్టుకుని వెనక్కి తిరిగి, అదే అరలో చుట్టూ తిరిగి మళ్ళీ పక్క చీలికల్లోకే పోయింది.

"ముసుగు తన్ని పడుకున్నట్టుందమ్మా ఇది. వదిలిన ఊపిరే మళ్ళీ పీలుస్తోంది."

ఈ పనిలో తెలుసుకోవాల్సిందంతా దాదాపు ఆ మాటలోనే ఉంది. కిటికీ ఏసీ వేడిని వీపు నుంచి వదులుతుంది, కానీ ఆ వేడిని చల్లార్చే గాలిని పక్కల నుంచి, పై నుంచి తీసుకుంటుంది. ఆ చీలికలన్నీ బయటి గాలిలో ఉండాలి. కిటికీలో పెట్టినప్పుడు సగం ఏసీ బయటికి వేలాడేది అందుకే. ముందు భాగం లోపల, చీలికలున్న భాగమంతా గోడ దాటి బయట. మధ్యలో సందు లేకుండా ఫోమ్.

దాంతో ఆ ప్లైవుడ్ అంతా తీసి పారేశాం. 100 పౌండ్లు మోసే సొరుగు పట్టాలు ఒక జత తెచ్చి, ముప్పావు అంగుళం ప్లైవుడ్ పీట వాటి మీద బిగించి, దాని మీద ఏసీ. జాలీ తలుపు స్థానంలో ఆర్వీల (ఇలాంటి క్యాంపింగ్ బండ్ల) సామాన్లమ్మే చోట దొరికే రెడీమేడ్ తలుపు, తాళంతో సహా. క్యాంపు చేరాక తలుపు తెరిచి ఏసీని పది అంగుళాలు బయటికి తోస్తాం. బయల్దేరేటప్పుడు లోపలికి లాగి తలుపు మూస్తాం. ఆరోజు నుంచి ఇప్పటిదాకా కంప్రెసర్ ఒక్కసారి కూడా అలిగి ఆగలేదు.

పీటని బయటి వైపుకి పావు అంగుళం వాలుగా పెట్టండి, నీళ్ళు లోపలికి కారకుండా. అలాగని నీళ్ళు పోవడానికి అడుగున చిల్లు పెట్టకండి, నేను డ్రిల్లు చేతిలోకి తీసుకుని కూడా ఆగాను. అడుగున చేరిన నీళ్ళని వెనక ఫ్యాన్‌కున్న రింగు ఎగజిమ్మి వేడి కాయిల్ మీద పోస్తుంది. ఆ కాయిల్ చల్లారడానికి అది కూడా ఒక ఏర్పాటే. తేమ ఎక్కువున్న రోజు టపటపమని చప్పుడొస్తుంది. అది రోగం కాదు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. పట్టాలకి లాక్ పెట్టలేదు. ఇంటి నుంచి బయల్దేరిన పది నిమిషాలకి కుడి మలుపు తిరిగితే, ఎడమ గోడ వైపున్న 41 పౌండ్ల ఏసీ జర్రున జారి తలుపుని లోపల్నుంచి గుద్దింది. తలుపు ఊడలేదు గానీ సొట్ట పడింది, ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఒక గడియ, దానికి తోడు లాగి బిగించే రాట్చెట్ పట్టీ ఒకటి.

కరెంటు సంగతి. "నూట పదిహేను వోల్టులా? ఇది కరెంటా, టార్చిలైటా?" అని నాన్న మొదటి రోజే నవ్వారు. తర్వాత ఆయనే చెప్పారు: అదే పనికి వోల్టేజి సగమైతే ఆంపియర్లు రెట్టింపు అవుతాయి, కాబట్టి తీగ లావుగా ఉండాలి. ఇంటి దగ్గర ట్రయల్ వేసినప్పుడు గరాజ్‌లో ఉన్న నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ కార్డు వాడాం, 50 అడుగులది, 16 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). మన లెక్కలో ఒకటింపావు స్క్వేర్, అంటే చదరపు మిల్లీమీటర్, దగ్గర. ఏసీ ఒక్కటే ఉంటే బాగానే ఉంది. మధ్యాహ్నం అదే కార్డు మీద రైస్ కుక్కర్ కూడా పెట్టాను. అన్నం ఉడికేసరికి కార్డు గోరువెచ్చగా అయింది, కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడల్లా లైటు కునికింది. నాన్న సూట్‌కేసులో తెచ్చుకున్న టాంగ్ టెస్టర్, తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే మీటరు, తీసి పట్టారు. (అమెరికా వస్తూ టాంగ్ టెస్టర్ ఎందుకు తెచ్చావు నాన్నా అంటే, "ఏమో, అవసరం పడితే?" అన్నారు.) ఏసీ ఒక్కటీ 4.4 ఆంపియర్లు. కుక్కర్ కలిస్తే పది దాటింది. మర్నాడు 12 గేజ్ కార్డు కొన్నాను, మూడు స్క్వేర్ పైనే. పార్కుల్లో అయితే 30 ఆంపియర్ల పాయింటు ఉంటుంది, బండి సొంత కేబులే లావుగా ఉంటుంది, టెన్షన్ లేదు. రూఫ్‌టాప్ ఏసీ ఒక్కటే 12, 13 ఆంపియర్లు లాగేస్తుంది. దీంతో ఏసీ, కుక్కర్, పిల్లల చార్జర్లు అన్నీ ఒకేసారి నడుస్తాయి.

అసలు పరీక్ష ఆగస్టులో, గ్లెన్ రోజ్ దగ్గర డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కులో. ఆ ఎండల్లో ఎవరు పోతారని మీరడగొచ్చు. అక్కడ పలక్సీ నది అడుగున రాతి మీద డైనోసార్ల అడుగులున్నాయి, 11 కోట్ల ఏళ్ళ నాటివి. నదిలో నీళ్ళు ఎండితేనే అవి బాగా కనిపిస్తాయి. అడుగులు చూడాలంటే ఎండాకాలం చివర్లో వెళ్ళాలి, అప్పుడు వెళ్తే ఏసీ కావాలి. మా చిన్నది ఒక మూడు వేళ్ళ అడుగులో కూర్చుని ఇంటికి రానంది.

మధ్యాహ్నం మూడింటికి బయట 102 ఫారన్‌హీట్. బండి లోపల, ఏసీ ఫుల్లుగా పెట్టినా 91. చల్లగా ఉందని చెప్పను, బతికేలా ఉందంతే. అప్పుడు తెచ్చిన రేకు కాగితాలు బయటికి తీశాం. ప్లాస్టిక్ బుడగల షీటుకి రెండు వైపులా వెండి రేకు ఉంటుందే, అది కిటికీలకి లోపల్నుంచి. మంచాల పైకప్పుల మీద వెండి దుప్పట్లు, బట్టల క్లిప్పులతో. గంటన్నరలో 85కి వచ్చింది. ఆ 60 డాలర్ల రేకు లేకపోతే ఈ ఏసీ గురించి ఇంత మంచిగా రాసేదాన్ని కాదు. నాన్న వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లుదామా అన్నారు గానీ, తడి గుడ్డని మడిచి మూసేస్తే బూజు పడుతుందని చెప్పి ఆపాను.

రాత్రి మాత్రం ఇది వేరే ఏసీ. ఎండ దిగాక తొమ్మిదింటికి 78. తెల్లవారుజామున మూడింటికి లోపల 70, అంటే 21 సెల్సియస్. పిల్లలు దుప్పట్లు లాక్కున్నారు.

నచ్చనివి రెండు. ఒకటి, అర నేలకి దగ్గరగా ఉండటం వల్ల చల్లగాలి మోకాళ్ళ దగ్గరే తిరుగుతుంది. మధ్యలో బల్ల మడిచి వేసిన పక్క మీద పిల్లలు వణుకుతుంటే, పై మంచాల మీద మాకు చెమటలు. ముందు అట్టపెట్టె కోసి గాలి పైకి మళ్ళేలా పెట్టాను, తర్వాత ఒక క్లిప్ ఫ్యాన్ తగిలించాను. సగం నయం. ఇంకాస్త ఎత్తులో పెట్టే వీలు మీ బండిలో ఉంటే అక్కడే పెట్టండి.

రెండోది చప్పుడు. పాత ఆర్టీసీ బస్సు స్టాండులో ఆగి ఇంజను ఆపనట్టు ఉంటుంది. ఆ రాత్రి రెండింటికి నాన్న లేచి ఏసీ ఆపేశారు. అమ్మయ్య అనుకున్నాను. పది నిమిషాలకి చీకట్లో మళ్ళీ నాబ్ తిప్పిన చప్పుడు. "ఏమైంది నాన్నా?" అంటే, "కీచురాళ్ళు, అమ్మా. ఇదే నయం" అన్నారు. ఆపిన వెంటనే తిప్పకండి, కనీసం మూడు నిమిషాలు ఆగితే కంప్రెసర్‌కి మంచిది. ఆయనకి తెలుసు కాబట్టి పది ఆగారు.

నాబ్‌లున్న మోడలే ఎందుకంటే, పార్కులో కరెంటు పోయి వస్తే అది దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. బటన్ల మోడళ్ళలో కొన్ని మనం వెళ్ళి నొక్కేదాకా మౌనవ్రతం.

మొత్తం ఖర్చు: ఏసీ 159, తలుపు 85, రేకు 60, పట్టాలు 48, చెక్క 40, ఫోమూ టేపూ 25. 417 డాలర్లు. వృథా అయిన మొదటి ప్లైవుడ్ ఇందులో లేదు, మా ఆయనకి ఆ లెక్క చెప్పలేదు.

ఇంకా తేలని పని ఒకటుంది. పైపుతో నీళ్ళు కొట్టి చూస్తే తలుపు ఎడమ మూల కింద నుంచి చుక్క చుక్క వస్తోంది. అక్కడ నేను సిలికాన్ పూశాను, బ్యూటైల్ టేపు (నీళ్ళు దిగకుండా సందు మూసే జిగురు పట్టీ) వేయాల్సింది. వచ్చే శనివారం పీకి మళ్ళీ వేయాలి. అంటే బండి మళ్ళీ డ్రైవ్‌వేలో తెరవాలి. కిందటిసారి మూడో రోజుకే హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది, ఈసారి వాళ్ళకి ముందే మెయిల్ పెట్టాను.