రోజూ అరగంటా, శనివారం నాలుగు గంటలా? రెండేళ్లు చూశాక నా లెక్క

పిల్లలు లేని రోజుల్లో నాకీ ప్రశ్నే రాలేదు. పరిశోధన పేపర్ రాయాలంటే తలుపేసుకుని కూర్చునేదాన్ని, తెల్లారినా అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు ఇంట్లో ఎనిమిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, కాలేజీలో మూడు కోర్సులు, దిద్దాల్సిన జవాబు పత్రాలు, ఎప్పుడూ ఎవరో ఒక పీహెచ్‌డీ విద్యార్థి చాప్టర్ నా దగ్గర పెండింగ్. అందుకే రెండేళ్లు రెండు రకాలుగా చేసి చూశాను. మొదటి ఏడాది శనివారం మధ్యాహ్నం రాసుకోవడానికి నాలుగు గంటలు నావి, పిల్లలు వాళ్ల నాన్నవి, అదీ ఒప్పందం. రెండో ఏడాది వారంలో ఐదు రోజులు పొద్దున్నే అరగంట, అంతే. దీన్ని ప్రయోగం అనను, ఒక్క మనిషి మీద చేసింది ఏం ప్రయోగం, పైగా రెండో ఏటికి చిన్నవాడు రాత్రిళ్లు లేవకుండా నిద్రపోవడం మొదలుపెట్టాడు, ఆ ఒక్క మార్పు ఎంత పని చేసిందో ఎవరు విడదీసి చెప్పగలరు.

శనివారం పద్ధతి కాగితం మీద భలే ఉంటుంది. వారానికి నాలుగు గంటలు, ఏడాదికి 52 వారాలు, అంటే 200 గంటల పైనే. కానీ డిసెంబర్లో క్యాలెండర్ తిరగేస్తే నిజంగా కూర్చున్న శనివారాలు 23. మిగతావి జ్వరాలకీ, పుట్టినరోజులకీ, స్కూలు కార్యక్రమాలకీ, ఒకసారి ఊరికే అలసటకీ పోయాయి. ఒక్క శనివారం తప్పితే మళ్లీ ఆ డ్రాఫ్ట్ ముఖం చూసేది రెండు వారాల తర్వాతే, అప్పటికి ఆ వాదన ఎటు పోతుందో రాసిన నాకే గుర్తుండదు, మొదటి గంటంతా నేను రాసిందే నేను చదువుకుని ఆశ్చర్యపోవడంతో సరి. ఇంకో నష్టం నాకు ఆలస్యంగా తెలిసింది. మంగళవారం మంచి ఆలోచన వస్తే "శనివారం చూద్దాంలే" అని పక్కన పెట్టేదాన్ని, శనివారానికి అది ఉండేది కాదు. నాలుగు గంటలు ఉన్నాయి కదా అన్న ధీమాతో ముందు మెయిల్స్, తర్వాత రిఫరెన్సులు సర్దడం, ఫాంట్ మార్చడం కూడా. ఎంత టైమ్ ఇస్తే పని అంత సాగుతుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లోనే వెక్కిరించాడు, నన్ను చూసే రాసినట్టుంది.

అరగంట సంగతి వేరు. టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు రాయడం, 5 నిమిషాలు ఆగడం అనేది 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టొమాటో ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన అలవాటు, అందుకే దాని పేరు పోమొడోరో, ఇటాలియన్‌లో టొమాటో అని. నాకు అందులో నచ్చింది ఏకాగ్రత గొప్పతనం కాదు, 25 నిమిషాలంటే పిల్లలు ఆగగలరు. "టైమర్ మోగేదాకా" అంటే మా అమ్మాయికి అర్థమవుతుంది, "అమ్మ పని అయ్యేదాకా" అంటే కాదు, ఎందుకంటే అమ్మ పని ఎప్పుడూ అవదని తనకి తెలుసు.

దీనికీ ఒక లోపం ఉంది. పని మధ్యలో వదిలి ఇంకో పనిలోకి వెళ్తే బుర్రలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. పొద్దున్న అరగంట రాసి లేచాక పిల్లలకి బూట్లు వేస్తూ నేను పేపర్ని పరిశీలించిన రివ్యూయర్ అడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఆలోచిస్తుంటాను, ఎడమ బూటు కుడికాలికి పోతుంది. దీనికి విరుగుడు కూడా ఆవిడే, థెరిసా గ్లోంబ్‌తో కలిసి 2018లో చెప్పారు: లేచే ముందు ఎక్కడ ఆపామో, మళ్లీ వచ్చాక ముందు ఏం చేయాలో ఒక్క ముక్క రాసి పెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని. ఇప్పుడు నా డ్రాఫ్ట్ చివర ఎప్పుడూ ఒక పిచ్చి వాక్యం ఉంటుంది, "టేబుల్ 3 ఎందుకు తేడాగా ఉందో చెప్పు, తర్వాత సొంత డబ్బా తగ్గించు" లాంటిది. మర్నాడు దాన్ని చూడగానే చెయ్యి కదులుతుంది.

మరి మానేసిన రోజుల మాటేంటి? నా ఆరంభశూరత్వం నాకు తెలుసు, రెండు రోజులు తప్పితే మొత్తం వదిలేసే రకాన్ని. నన్ను నిలబెట్టింది ఫిలిపా లాలీ బృందం లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనం. కొత్త అలవాటు ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట, కానీ మనిషి మనిషికీ 18 నుంచి 254 రోజుల దాకా తేడా. అందరూ ఆ 66నే పట్టుకుంటారు. నాకు కావాల్సింది అందులోనే ఉన్న ఇంకో సంగతి, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ కాలేదు. చంటిపిల్లలున్న ఇంట్లో బతకాలంటే పద్ధతికి ఈ గుణం ఉండాలి. శనివారం పద్ధతి ఒక్క జ్వరానికి కూలిపోయింది, అరగంట నాలుగైదు జ్వరాలు తట్టుకుంది.

కాబట్టి రాతకి అరగంటే మేలు. రాతకి మాత్రమే, ఇది గట్టిగా చెప్తున్నాను. డేటా శుభ్రం చేయడం, కోడ్‌లో తప్పు వెతకడం, విద్యార్థి చాప్టర్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున చదవడం, ఇవి అరగంట ముక్కల్లో చేస్తే పని పాడవుతుంది, మనకి పిచ్చెక్కుతుంది. వీటికోసం నెలకి ఒక పూట ఇప్పటికీ అడిగి తీసుకుంటున్నాను. పొద్దున్నా రాత్రా అంటారా, అది ఒంటి తీరు. నేను రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చబోయి వాళ్లకంటే ముందే నిద్రపోతాను, అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ఇంకో పోలిక: చేయాల్సిన పనుల జాబితానా, చేసిన పనుల జాబితానా? మొదటిది లేకుండా ఉద్యోగం నడవదు, కానీ అది అబద్ధాలు చెప్తుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న సైకాలజీ విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున సుమారు 34 రోజులన్నారు, పట్టింది 55 పైన. పిల్లలున్న ఆచార్యుల్ని అడిగితే ఆ తేడా ఎంత వచ్చేదో ఊహించుకోండి. నేను మొదటి ఏడాది జనవరిలో రెండు పేపర్లు, ఒక గ్రాంట్, ఒక పుస్తకం ప్రతిపాదన అని రాసుకున్నాను. డిసెంబర్‌కి అచ్చయింది ఒక పేపర్, అది కూడా మూడేళ్ల కిందట రాసింది. అసలు మతలబు ఇక్కడే ఉంది. మా వృత్తిలో ఈ ఏడాది కష్టం ఈ ఏడాది కనబడదు, రివ్యూకి వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, ఎప్పటికో అచ్చవుతుంది. అచ్చయినవి లెక్కపెట్టుకుంటే ఎప్పటి నన్నో ఇప్పుడు మెచ్చుకోవడమో తిట్టుకోవడమో చేస్తున్నట్టు.

వైఫల్యాల సీవీ, అంటే రాని ఉద్యోగాలూ తిప్పికొట్టిన పేపర్లూ అన్నీ వరసగా, రాసుకోమనేవాళ్లు కూడా ఉన్నారు. మెలనీ స్టెఫాన్ అనే శాస్త్రవేత్త 2010లో నేచర్ పత్రికలో ఆ మాట అన్నారు, 2016లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఉన్న ప్రొఫెసర్ యోహానెస్ హౌస్‌హోఫర్ తనది బయటపెడితే ప్రపంచమంతా చదివింది, తన పరిశోధనంతటికీ రానంత గుర్తింపు దానికి రావడాన్ని కూడా ఆయన అందులోనే ఒక వైఫల్యంగా చేర్చాడు. సరదాగా ఉంది, నిజాయితీ కూడా ఉంది. నాకు మాత్రం పడలేదు. ఉద్యోగం కుదురుకున్నవాళ్లు నవ్వుతూ రాసుకోగలరు, రాత్రి పదింటికి రాసుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

దాని బదులు ఒక నోటుబుక్కు పెట్టి రోజూ పడుకునే ముందు ఆ రోజు చేసింది ఒక్క లైన్ రాశాను. ఈ డిసెంబర్లో తిరగేస్తే 214 లైన్లున్నాయి. ఒక పేపర్ పంపాను, ఇంకోటి రివిజన్‌లో ఉంది. ఒక్కటి తప్ప విద్యార్థుల చాప్టర్లన్నీ రెండు వారాల్లోపే తిరిగిచ్చాను. వేరేవాళ్ల పేపర్లకి నాలుగు రివ్యూలు చేయలేనని చెప్పాను, అందులో రెండిటికి సాకు కూడా చెప్పకుండా. ఏప్రిల్లో ఒక లైన్: "అమ్మాయికి సైకిల్ వచ్చింది, నేను వదిలేసిన సంగతి దానికి తెలీదు." ఆగస్టులో ఒక పేజీలో నా రాత కాదు, దానిది, పెన్సిల్‌తో: "అమ్మ ఈరోజు ఏం రాయలేదు. నాతో ఆడింది." ఆ రోజు నేను అరగంట మానేసినట్టు లెక్కలో కొట్టేసుకున్నాను. చేసిన పనుల జాబితాలో మాత్రం ఉంది.