విండోస్ రిటైల్ లైసెన్స్: కొత్త కంప్యూటర్‌కి మార్చుకున్నాక నా రివ్యూ

విడి పార్టులు కొని కట్టించుకునే డెస్క్‌టాప్ వాడేవాళ్లకి విండోస్ రిటైల్ లైసెన్స్, అంటే కంప్యూటర్‌తో కాకుండా విడిగా కొనుక్కునేది, పెట్టిన డబ్బుకి తగ్గ సరుకే. ల్యాప్‌టాప్ ఒక్కటే వాడేవాళ్లకి దండగ. ల్యాప్‌టాప్‌తో వచ్చే విండోస్ ధర ఎలాగూ అందులో కలిసిపోయి ఉంటుంది, దాని కీ కూడా బోర్డు మీద ఉండే బయోస్‌లోనే రాసేసి ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టినా అదే పట్టుకుని యాక్టివేట్ అయిపోతుంది. డెస్క్‌టాప్ సంగతి వేరు.

మాది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం, లెక్కలన్నీ ట్యాలీలోనే. పాత కంప్యూటర్‌లో ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్, దాని మీద డబ్బాలో కీ కార్డుతో వచ్చిన విండోస్ 10 ప్రో రిటైల్ కాపీ. కొన్నప్పుడు మా బావగారు "అంత పోసి కొనడం ఎందుకయ్యా, ఊరంతా ఊరికే వేయించుకుంటుంటే" అన్నారు. కానీ కోనసీమలో మదర్‌బోర్డు ఆయుష్షు సంగతి అందరికీ తెలిసిందే కదా. కరెంటు ఎక్కువ తక్కువలు ఒకపక్క, వానాకాలం తేమ ఇంకోపక్క, సముద్రం వైపు ఊళ్లలో అయితే ఉప్పుగాలి అదనం. బోర్డు పోయిన ప్రతిసారీ విండోస్ కూడా పోతే ఎలా అని రిటైల్ తీసుకున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కేమో అధికారికంగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే లెక్క. మా పాతది దేనికీ ఆనదు. అందుకని కొత్త మెషీన్ కట్టించాను.

కట్టించిన చోట కుర్రాడు, "పాత లైసెన్స్ దీనికి పనికిరాదండి, కొత్త కంప్యూటర్‌కి కొత్తది కొనాల్సిందేనండి, ఐదొందలిచ్చేయండి, ప్రో కీ నేనే వేసేస్తాను" అన్నాడు. ఈ మాట చాలా షాపుల్లో వినపడుతుంది, అందులో సగం నిజం కూడా ఉంది. ఓఈఎం లైసెన్స్, అంటే కంప్యూటర్‌తో పాటే వచ్చేది, అయితే అతను చెప్పిందే కరెక్టు, అది బండి ఛాసిస్ నంబర్ లాంటిది, మొదట ఏ మెషీన్‌కి వచ్చిందో దానితోనే పోతుంది. రిటైల్ అలా కాదు. పాత కంప్యూటర్ నుంచి తీసేసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చని లైసెన్స్ షరతుల్లోనే ఉంది, ఒకేసారి రెండింట్లో వాడకూడదు, అంతే. ఇక ఆ ఐదొందల కీ ఉంది చూశారూ, అలాంటివి చాలావరకు కంపెనీలకో కాలేజీలకో ఇచ్చిన వాల్యూమ్ లైసెన్సుల్లోంచి బయటికొచ్చినవే. ఇవాళ యాక్టివేటెడ్ అని చూపిస్తుంది, రేపెప్పుడో ఆ కీని బ్లాక్ చేస్తే స్క్రీన్ మూల మళ్లీ "యాక్టివేట్ చేయండి" అనే వాటర్‌మార్క్ పడుతుంది. కేఎంఎస్ పద్ధతిలో, అంటే సంస్థ సొంత సర్వర్ ద్వారా చేసిన యాక్టివేషన్ అయితే 180 రోజులకే గడువు, ఈలోగా సర్వర్‌తో మాట్లాడి రెన్యువల్ అవుతూ ఉండాలి. మార్చి నెలాఖరు లెక్కల టైంలో ఆ టెన్షన్ మనకెందుకండి.

మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పాత మెషీన్ ఇంకా ఆన్ అవుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక స్పేస్, స్లాష్ డీఎల్ఐ ఇవ్వండి, చిన్న డబ్బా వచ్చి రిటైల్ చానెలో, ఓఈఎమ్మో, వాల్యూమో చెప్పేస్తుంది. విండోస్ 7 స్టిక్కర్ మీది కీతో 10 వేయించుకున్న రోజులు గుర్తుండి ఇప్పుడూ అవుతుందేమో అనుకునేవాళ్లు ఉన్నారు, 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది.

మార్చడం మాత్రం అనుకున్నంత పెద్ద పనేం కాదు. పాతదాంట్లో అదే ఎస్ఎల్ఎంజీఆర్‌కి స్లాష్ యూపీకే ఇచ్చి కీ తీసేశాను, తర్వాత స్లాష్ సీపీకేవై కూడా ఇచ్చాను, రిజిస్ట్రీలో కీ జాడ ఉండకుండా. కొత్తదాంట్లో విండోస్ 11 ప్రో వేసి సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోకి వెళ్లి చేంజ్ ప్రొడక్ట్ కీ దగ్గర కార్డు మీదున్న 25 అక్షరాలూ కొడితే నెట్ ఉంది కాబట్టి అక్కడికక్కడే యాక్టివేట్ అయింది. విండోస్ 10 కీ 11కి సరిపోతుంది, కాకపోతే ఎడిషన్ కలవాలి. హోమ్ కీతో ప్రో యాక్టివేట్ కాదు.

నాకు నచ్చనిది ఒకటుంది. ట్యాలీలో లైసెన్స్ మార్చాలంటే పాతదాంట్లో సరెండర్ లైసెన్స్ అని నొక్కుతాం, అది సర్వర్‌కి తిరిగి వెళ్లిపోతుంది, కొత్తదాంట్లో సీరియల్ నంబర్ ఇచ్చి యాక్టివేట్ చేసుకుంటాం. ఎవరికీ అనుమానం ఉండదు. విండోస్‌లో అలాంటి సరెండర్ లేదు. యూపీకే అనేది ఆ కంప్యూటర్‌లోంచి కీ తీస్తుందే తప్ప సర్వర్‌కి "ఇది ఖాళీ అయింది" అని చెప్పదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది యాక్టివేషన్ సర్వర్ ఇష్టం, కీ చాలాసార్లు వాడేశారని అంటే సపోర్ట్ వాళ్లతో మాట్లాడుకోవాల్సిందే, అప్పుడు బిల్లు, కార్డు దగ్గరుంటే మంచిది. అంత డబ్బు తీసుకునే సరుకులో ఒక బటన్ పెట్టడానికి ఏం బరువో నాకు అర్థం కాదు.

బోర్డు పూర్తిగా చచ్చిపోతే ఏంటంటే, విండోస్ 10 1607 వెర్షన్ నుంచి డిజిటల్ లైసెన్స్‌ని, అంటే మన మెషీన్ యాక్టివేట్ అయిందని మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండే నమోదుని, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేసుకునే ఏర్పాటు ఉంది. ఆ పని బోర్డు బతికుండగానే చేసుకోవాలి. తర్వాత కొత్త బోర్డు మీద అదే అకౌంట్‌తో లాగినై యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ ఈమధ్యే మార్చాను అనే ఆప్షన్ నొక్కాలి. ఆ అకౌంట్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉండాలి. దీనితో ఓఈఎం లైసెన్స్‌ని వేరే కంప్యూటర్‌కి ఎక్కించేద్దామని ఆశపడకండి, అది కుదరదు.

కీ కార్డు ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి, డబ్బాని చెదలు తినేస్తాయి. పాత మెషీన్‌లో ఇప్పుడు లైనక్స్ మింట్ వేసి గుమస్తా గారికి ఇచ్చాను, మెయిల్స్ చూసుకోవడానికి, చీటీలు ప్రింట్ తీసుకోవడానికి అది బాగానే సరిపోతోంది.

ఐదుకి నాలుగు స్టార్లు. కోసిన ఆ ఒక్కటీ సరెండర్ బటన్ లేనందుకు.