సుంగై బులో నడక: పోటు వేళ చూసుకోకుండా బస్సెక్కొద్దు

సింగపూర్ ఉత్తరపు అంచున ఉన్న సుంగై బులో చిత్తడినేలల రిజర్వుకి టికెట్ లేదు. పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచే ఉంటుంది. దారంతా చదును, ఎక్కాల్సిన గుట్టా లేదు, దిగాల్సిన లోయా లేదు. అయినా చాలామంది "ఏముందక్కడ, బురద తప్ప" అని పెదవి విరుస్తూ తిరిగొస్తారు. భోజనం చేసి, మధ్యాహ్నం ఎండలో, అది పోటో పాటో కనుక్కోకుండా వెళ్తే నిజంగానే బురద తప్ప ఏమీ కనబడదు మరి.

ఇక్కడి పక్షుల రాకపోకలన్నీ సముద్రం చేతిలో ఉన్నాయి. పాటు వేళ నీరు వెనక్కి తగ్గి సింగపూర్‌కీ మలేషియాకీ నడుమనున్న జొహోర్ జలసంధి ఒడ్డున బురదమేటలు తేలతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉత్తరపు దేశాల నుంచి వలస వచ్చి ఉండే ఉల్లంకులు, విమ్‌బ్రెల్‌లు, గోల్డెన్ ప్లోవర్‌లు అప్పుడు ఆ మేటల మీద పురుగుల్ని ఏరుకుంటూ చెదిరిపోయి ఉంటాయి. బైనాక్యులర్ పెట్టినా చుక్కలే. పోటెక్కి మేటలు మునిగాక వాటికి కాలు మోపే చోటుండదు. అప్పుడు గుంపులుగా లేచి రిజర్వు లోపలి చెరువుల్లో వాలతాయి. ఒకప్పుడు అక్కడ రొయ్యలూ చేపలూ పెంచేవారు. ఇప్పుడు తూముల తలుపులతో నీటిమట్టం తగ్గించి ఉంచుతారు కాబట్టి బయట సముద్రం నిండుగా ఉన్న వేళ లోపల బురద తేలి ఉంటుంది. పక్షులకు కావలసింది అదే. 1986లో పక్షిప్రేమికుల కంటబడిన ఈ చోటు 1989లో ప్రకృతి పార్కుగా ఖరారైంది. 2002లో రక్షిత రిజర్వయింది.

కాబట్టి ముందు చూడాల్సింది పోటుపాట్ల పట్టిక. ఫోన్లోనే దొరుకుతుంది. పోటు 2.5 మీటర్లు దాటే రోజు, అదీ పొద్దున 8, 10 మధ్య పడే రోజు ఎంచుకోండి. పోటు నిండటానికి గంట ముందే చెరువుల దగ్గర, పక్షులకు కనబడకుండా వాటిని చూసే చాటుగదిలో కూర్చోవాలి. గుంపులు వచ్చి వాలడం చూడటమే అసలు సంబరం, వాలి నిద్రపోతున్న పక్షుల్ని చూడటం కాదు. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. శనివారం పట్టిక చూసుకుని ఆదివారం అదే వేళకు వెళ్తే లెక్క తప్పుతుంది.

పిల్లలతో వెళ్తే మాత్రం పాటు వేళే మేలు. పక్షుల కోసం గంటసేపు నోరు మూసుకుని కూర్చోమంటే రెండో పావుగంటకే అలుగుతారు. నీరు తగ్గాక మడచెట్ల మధ్య వేసిన చెక్కవంతెన మీద వంగి చూడమనండి, చాలు. పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన చెట్ల ఊపిరివేళ్ల నడుమ మడ్‌స్కిప్పర్ కూర్చుని ఉంటుంది. చేపే, కానీ రెండు ముందు రెక్కల మీద మోచేతులు ఆనించినట్టు లేచి నిలబడుతుంది. కళ్లు నడినెత్తిన ఉంటాయి. ఎండిపోతున్నాయనిపించగానే ఒక్కోదాన్నీ గుంటలోకి లాక్కుని తడుపుకుని మళ్లీ బయటపెడుతుంది. మన కోరంగిలో ఉండే తిల్ల చెట్టు ఇక్కడా ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఆకు తెంపనివ్వకండి.

రెండు ద్వారాలున్నాయి. నియో టియూ క్రెసెంట్ వైపు వెట్‌ల్యాండ్ సెంటర్ చెరువులకు దగ్గర. నడక తగ్గించుకోవాలనుకునే పెద్దవాళ్లకు అదే సుఖం, టాక్సీలో నేరుగా అక్కడ దిగొచ్చు. క్రాంజి వైపు విజిటర్ సెంటర్ 2014లో వచ్చింది. మెట్రో రైలు నార్త్ సౌత్ లైన్‌లో క్రాంజి స్టేషన్‌లో దిగి 925 బస్సెక్కితే దానికి దగ్గర్లో దింపుతుంది. నడవగలిగిన వాళ్లు ఇటునుంచే రావాలి. 1.3 కిలోమీటర్ల తీరపు దారిలో కుడివైపున జలసంధి, అవతల మలేషియా నగరం జొహోర్ బారు మేడలు కనబడుతూ వస్తాయి. ఆ దారి సుంగై బులో బెసార్ నది మీది వంతెన దగ్గర తేలుతుంది. వంతెన దాటాక చెరువుల్ని చుట్టి వచ్చే వలసపక్షుల దారి 1.95 కిలోమీటర్లు. రానూపోనూ కలిపితే నాలుగున్నర కిలోమీటర్ల పైచిలుకు. ఆగకుండా నడిస్తే గంటన్నర చాలు, కానీ ఆగకుండా నడిచేవాళ్లు ఇక్కడికి రావడం దండగ. మూడు గంటలు పెట్టుకోండి.

చిరాకు తెప్పించేది ఆ వంతెనే. కింద నదిలో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి, దాంతో సెలవు రోజుల్లో గజమంత లెన్సులు, ట్రైపాడ్లు కటకటాల పొడవునా పాతుకుపోతాయి. వెనక నిలబడ్డ పిల్లవాడికి వాళ్ల వీపులే కనబడతాయి. పక్కకు జరగమని అడగండి, మొహమాటం వద్దు. ఇంకో విషయం, "మొసలి! మొసలి!" అన్న కేకల్లో చాలావరకు ఉడుములే ఉంటాయి. ఉడుము ఈదుతుంటే తలా మెడా నీటిపైన ఉంటాయి, నాలుక బయటికీ లోపలికీ ఆడుతుంటుంది. మొసలివి ముక్కుపుటాలూ కళ్లే తేలతాయి, మధ్యలో ఖాళీ. ఒడ్డున ఉంటే నోరు తెరుచుకుని కదలకుండా పడి ఉంటుంది. బిస్కెట్ విసిరి కదిలించాలనుకునేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. వన్యప్రాణులకు మేత పెడితే మొదటిసారికే 5,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా. సైకిళ్లకూ పెంపుడు కుక్కలకూ లోపలికి ప్రవేశం లేదు.

మిగతావి చిన్నవే, కానీ మరిస్తే నడక పాడవుతుంది. దారిలో కొట్లు ఉండవు కాబట్టి మనిషికి లీటరున్నర నీళ్లు తప్పనిసరి. చాటుగదుల్లో గాలి ఆడదు, దోమలు చీలమండల్నే పట్టుకుంటాయి, పొడుగు సాక్సు వేసుకుని పైన మందు రాయాలి. తెల్లచొక్కా వద్దు, పక్షులు దూరం నుంచే గుర్తుపట్టి లేచిపోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా వాన ఎప్పుడైనా పడొచ్చు. ఉరుము వినబడగానే తీరపు దారి వదిలి విజిటర్ సెంటర్‌లోకి వెళ్లిపోవాలి, అక్కడి చెట్లకింద ఆగడం తెలివితక్కువ. తిరుగు బస్సు కోసం ఎండలో కూర్చోవాల్సి రావచ్చు, ఒక సీసా నీళ్లు దానికి మిగుల్చుకోండి.