కొలియాక్‌కు వెళ్లాలా, హాజీ అలీకా? నెల్లూరు నుంచి బయల్దేరేవాళ్లకు

మైపాడు బీచ్‌లో పొద్దున చెప్పులు విడిచిన చోటికి మధ్యాహ్నానికి నీళ్లొస్తే, పోటు వచ్చిందంటాం. మన నెల్లూరు, ప్రకాశం తీరంలో ఆటుకీ పోటుకీ తేడా మీటరుకు అటూ ఇటూ అంతే. అందుకే సముద్రం వెనక్కి తగ్గి దీవికి దారిచ్చే వింత మన దగ్గర కనబడదు. పులికాట్‌లో ఇరకం, వేనాడు దీవులున్నాయి (2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి), కానీ అక్కడ నీళ్లు తగ్గేది ఎక్కువగా ఎండలకు.

ఆ వింత చూడటానికి మా అమ్మను రెండు చోట్లకు తీసుకెళ్లాను. ముంబైలో హాజీ అలీ దర్గా, గుజరాత్‌లో భావనగర్ దగ్గర కొలియాక్‌లోని నిష్కళంక మహాదేవ్. రెండిట్లో ఏది మేలని బంధువులు అడుగుతూనే ఉన్నారు.

హాజీ అలీ సులువు. 1431లో కట్టిన దర్గా అది. ఒడ్డు నుంచి దర్గా దాకా కిలోమీటరు లోపు సిమెంటు దారి ఉంది, పోటుకు అది మునిగిపోతుంది. దారికి రెయిలింగ్ లేదు, కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి. గురు, శుక్రవారాల్లో విపరీతమైన రద్దీ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే మరో ఆలోచన లేకుండా ఇక్కడికే వెళ్లండి.

నా మనసు మాత్రం కొలియాక్‌కే. ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి సన్నబడుతుంది. లోపలికి వచ్చిన నీళ్లకు పక్కలకు చోటు లేక పైకి లేస్తాయి. భావనగర్ దగ్గర పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుంది, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. మేం వెళ్లేసరికి గోధుమరంగు నీళ్లలో జెండాకర్ర ఒక్కటే కనబడుతోంది. గుడి ఎక్కడని అమ్మ అడిగింది. గంటన్నరకు కర్ర మొదట్లో రాళ్లు తేలాయి, ఆ తర్వాత అరుగు. మడమల లోతు నీళ్లుండగానే జనం నడక మొదలుపెట్టారు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా భుజం పట్టుకుని బురదలో అడుగు చూసుకుంటూ వచ్చింది. అరుగు మీద అయిదు లింగాలు. పాండవులు యుద్ధపాపం పోగొట్టుకున్న చోటని అక్కడివాళ్ల నమ్మకం. రాతి గుంటలో ఇంకా ఇంకని ఉప్పునీళ్లనే దోసిట పట్టి అభిషేకం చేసింది అమ్మ. కాసేపటి క్రితం ఆ చోట తలమునకల నీళ్లున్నాయి. ఆ అనుభవం సిమెంటు దారి మీద రాదు.

ఫ్రాన్స్‌లో ఇలాగే పోటుకు చుట్టూ నీళ్లొచ్చే దీవి మోం సాం మిషెల్ గురించీ చాలామంది అడుగుతారు. 2014లో వేసిన కొత్త వంతెన మీదుగా అక్కడికి దాదాపు ఎప్పుడైనా వెళ్లొచ్చు. మన ఖర్చులకు దాన్ని లెక్కలోకి తీసుకోను.

కొలియాక్‌కు నెల్లూరులోనో ఒంగోలులోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అహ్మదాబాద్‌లో దిగి బస్సు పట్టుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి వెళుతుంది, అష్టమికి అంత తగ్గదు. ఆటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైమును నమ్ముకోకండి. ఆ రోజు వేళ అక్కడే కనుక్కోండి. పోటు మొదలైందని ఒడ్డువాళ్లు కేకేస్తే మాత్రం ఇంకో ఫొటో అనుకోకుండా వెంటనే వెనక్కి తిరగండి.