గిట్‌హబ్‌లో 'ఫస్ట్ కాంట్రిబ్యూషన్స్': భయం పోగొడుతుంది, మిగతాది మనమే నేర్చుకోవాలి

ఓపెన్ సోర్స్‌కి (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కి) ఏదైనా చేయాలని ఉన్నా, నలుగురి ముందు తప్పు చేస్తానేమో అన్న టెన్షన్‌తో ఆగిపోయినవాళ్లు ముందు గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లోని ఈ ప్రాక్టీస్ ప్రాజెక్ట్ చూడండి. ప్రాజెక్టుని ఫోర్క్ చేసి (మన ఖాతాలోకి కాపీ తీసుకుని), దాన్ని మన కంప్యూటర్‌లోకి క్లోన్ చేసుకుని (దించుకుని), కొత్త బ్రాంచ్ (విడిగా మార్పులు చేసుకునే శాఖ) తీసి, ఒక ఫైల్లో మన పేరు రాసి, కమిట్ (మార్పుని నమోదు), పుష్ (గిట్‌హబ్‌కి అప్‌లోడ్) చేసి పుల్ రిక్వెస్ట్ (మార్పుని కలుపుకోమనే అభ్యర్థన) పెట్టడమే. మొదటిసారి 'మర్జ్‌డ్' (మార్పుని కలిపేశారు) అని కనిపించినప్పుడు నాకు కలిగిన ఆనందం మామూలుది కాదు!

కానీ అసలు కష్టం ఇందులో కనపడదు. ఇక్కడ గట్టి రివ్యూ ఉండదు, ఫెయిలయ్యే టెస్టులు ఉండవు. ఆ ధైర్యంతో నేను ఒక నిజమైన ప్రాజెక్టుకి వెళ్లి, ఎవరినీ అడక్కుండా పెద్ద మార్పు రాసి పంపితే నెల రోజులు జవాబే లేదు, చివరికి ఒక్క మాట కూడా చెప్పకుండా నా రిక్వెస్ట్‌ని మూసేశారు, చాలా బాధేసింది.

అప్పటినుంచి ముందు 'కాంట్రిబ్యూటింగ్' ఫైల్ (ఎలా పాల్గొనాలో చెప్పేది) చదువుతున్నా, 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ ఉన్న ఇష్యూలు (కొత్తవాళ్లకి తగ్గ పనులు) వెతికి, చేయొచ్చా అని ఇష్యూలోనే అడుగుతున్నా. డాక్యుమెంటేషన్‌లో తప్పు దిద్దడం కూడా పనే, చిన్నచూపు వద్దు. ఇంకోటి, అన్నిచోట్లా పుల్ రిక్వెస్టులు నడవవు, లైనక్స్ కెర్నెల్‌కి (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఈమెయిల్లోనే పంపాలి, అందులో 'సైన్డ్ ఆఫ్ బై' లైన్ (ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పేరుతో ఇచ్చే హామీ) తప్పనిసరి.

నా రేటింగ్ 5కి 4. మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకేచోట రెండు మార్పులు ఢీకొనడం) విడదీయడం కూడా అభ్యాసంలో చేర్చి ఉంటే 5 ఇచ్చేవాణ్ని.