లేఆఫ్ తర్వాత ఏది మేలు: జాబ్ సెంటర్ వోచరా, పెల్ గ్రాంటా, అప్రెంటిస్‌షిప్పా?

మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. 2008లో హెచ్ వన్ మీద వచ్చాడు, అప్పటికే ముప్పై ఏళ్ళు, అప్పట్నుంచీ సాఫ్ట్‌వేర్‌లో మాన్యువల్ టెస్టింగే, మధ్యలో ఆటోమేషన్ నేర్చుకో అన్నయ్యా అని నేను మొత్తుకున్నా చూద్దాంలే అనేవాడు, పోయినేడు ఓ మంగళవారం పొద్దున్నే పావుగంట కాల్‌లో ఉద్యోగం తీసేశారు. వారం తిరక్కుండా కంగారులో క్రెడిట్ కార్డు గీకేసి, కొన్ని వారాల్లో కోడింగ్ నేర్పేస్తామనే ఓ బూట్‌క్యాంప్‌లో చేరిపోయాడు. నాకు చెప్పింది మూడు వారాలయ్యాక. చెప్పుంటే ఆపేదాన్ని, ఎందుకంటే ఇక్కడ జాబ్ సెంటర్ (ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి గవర్నమెంట్ సాయం చేసే ఆఫీసు) ట్రైనింగ్ ఫీజు కోసం ఇచ్చే వోచర్‌కి ఒకటే రూలు, ముందు అప్రూవల్, తర్వాతే క్లాసు. మన జేబులోంచి కట్టేసి తర్వాత బిల్లు పట్టుకెళ్తే సాధారణంగా ఎవరూ తిరిగివ్వరు.

సరే అయిందేదో అయింది అని ఇద్దరం కూర్చుని ఉన్న దారులన్నీ తిరగేశాం. అదే టైముకి మా వీధి చివర తెలుగువాళ్ళబ్బాయి ఒకడు హైస్కూల్ అయిపోయి కాలేజీకి వెళ్ళనని మొండికేశాడు. ఒకే ప్రశ్నకి ఇద్దరికీ రెండు జవాబులు రావడం చూసి ఇది రాస్తున్నా.

మొదటిది జాబ్ సెంటర్ వోచర్, దాని వెనకున్న చట్టం పేరు వియోవా (WIOA). 2014లో ఒబామా సంతకం పెట్టిన చట్టం, దానికి ముందు 1998 చట్టం ఉండేది, దానికీ ముందు 1982ది, 1973ది, 1962ది, అంటే పేరు మారుస్తూ అరవై ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారమే. డబ్బు వాషింగ్టన్‌లో లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక లెక్క ప్రకారం రాష్ట్రాలకి వస్తుంది, అక్కణ్ణుంచి లోకల్ బోర్డులకి, టెక్సస్‌లో అలాంటివి 28 ఉన్నాయి. ఆ బోర్డుల్లో సగానికి పైగా ఊళ్ళో వ్యాపారస్తులే ఉండాలని చట్టంలోనే రాశారు, కాబట్టి ఏ కోర్సుకి డబ్బివ్వాలో ఏ పనికి డిమాండ్ ఉందో తేల్చేది ఎక్కువగా లోకల్‌గానే. పెద్దవాళ్ళకి, లేఆఫ్ అయినవాళ్ళకి, యూత్‌కి మూడు వేరు వేరు పద్దులు, 2023లో మూడూ కలిపితే దాదాపు 290 కోట్ల డాలర్లు. ఇంత పెద్ద దేశానికి అది పెద్ద మొత్తమేం కాదు. పైగా చట్టం గడువు 2020తోనే అయిపోయింది, అప్పట్నుంచీ ఏ ఏటికాయేడు బడ్జెట్‌లో డబ్బులేసి నెట్టుకొస్తున్నారు. 2026 బడ్జెట్ ప్రపోజల్‌లో ట్రంప్ వాళ్ళు ఇలాంటి 11 ప్రోగ్రాములు కలిపేసి రాష్ట్రాలకి ఒకే గ్రాంటుగా ఇచ్చేద్దాం, అందులో కనీసం పది శాతం అప్రెంటిస్‌షిప్‌లకే పెట్టాలి అన్నారు.

మనవాళ్ళు చాలామందికి తెలీనిది ఇక్కడుంది. పెద్దవాళ్ళ పద్దులో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకీ గవర్నమెంట్ సాయం మీద బతికేవాళ్ళకీ ముందు పీట, కానీ లేఆఫ్ అయినవాళ్ళ పద్దులో ఆదాయం లెక్కే లేదు, వదినకి హాస్పిటల్ బిల్లింగ్‌లో మంచి జీతం వస్తుందిగా మనకెవడిస్తాడు అని అన్నయ్య అసలు జాబ్ సెంటర్ గుమ్మమే ఎక్కలేదు. గ్రీన్ కార్డు ఉంది, లేఆఫ్ లెటర్ ఉంది, అన్‌ఎంప్లాయ్‌మెంట్ భృతి వస్తోంది, ఇంకేం కావాలి? హెచ్ వన్ మీద ఉండగానే ఉద్యోగం పోయినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఆ 60 రోజుల్లో ఇంకో ఎంప్లాయర్‌ని పట్టుకోవడమే పని, ఇవన్నీ చదువుకుంటూ కూర్చునే తీరికెక్కడిది.

బలవంతంగా తీసుకెళ్ళా. ఫోల్డర్‌లో కార్డులూ కాయితాలూ అన్నీ పెట్టుకున్నాం. ఎదురుగా కూర్చున్న కేస్ మేనేజర్, యాభై అయిదేళ్ళుంటాయేమో, అన్నీ చూసి, సెలెక్టివ్ సర్వీస్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగింది. అన్నయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు, నన్నిప్పుడు ఆర్మీలో వేస్తారా ఏంటే అని తెలుగులో గొణిగాడు. విషయమేంటంటే అది అవసరమొస్తే సైన్యంలోకి పిలవడానికి గవర్నమెంట్ పెట్టుకునే పేర్ల జాబితా, మగవాళ్ళు ఈ డబ్బు తీసుకోవాలంటే పద్దెనిమిదికీ ఇరవయ్యారుకీ మధ్య ఆ రిజిస్ట్రేషన్ చేసుకుని ఉండాలి, ఇరవయ్యారు దాటాకే మొదటిసారి అమెరికా వచ్చినవాళ్ళకి ఆ అవసరం లేదు, కానీ అలా వచ్చామని కాయితం చూపించాలి. ఇంటికొచ్చి గరాజ్‌లో వీఐపీ సూట్‌కేసు కింద నుంచి మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టు తీసి 2008 స్టాంపు ఉన్న పేజీ ఫొటో కొట్టి పంపిస్తే అప్పుడు ఫైలు కదిలింది. పాత పాస్‌పోర్టులు పారేయకండి అని మా నాన్న ఎప్పుడూ అనేవాడు, దేనికో ఇన్నాళ్ళకి తెలిసింది.

వోచర్ ఎంతిస్తారనేది బోర్డుని బట్టి, కొన్ని వేల డాలర్లు అనుకోండి, ఆ పదమూడు పద్నాలుగు వేల బూట్‌క్యాంప్‌లకి చాలదు. ఎక్కడ పడితే అక్కడా చెల్లదు, రాష్ట్రం ఆమోదించిన ప్రొవైడర్ల లిస్టులో ఉన్న కోర్సుకే. అన్నయ్య చేరింది ఆ లిస్టులోనే లేదు. అమీర్‌పేట సార్లు రాత్రి పదింటికి జూమ్‌లో చెప్పే కోర్సులు కూడా లేవనుకోండి, కాకపోతే అవి చవక, పోయినా పెద్దగా బాధుండదు. లిస్టులో ఉంది కదా అని గుడ్డిగా చేరిపోయేదీ లేదు, లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళదే ట్రైనింగ్ ప్రొవైడర్ రిజల్ట్స్ అని సైటుంది, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి అనేవి అందులో వెతకొచ్చు. ఖాళీ గడులు చాలా ఉంటాయి, అయినా సరే చూడండి. అన్‌ఎంప్లాయ్‌మెంట్ సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఆమోదించిన ట్రైనింగ్‌లో ఉన్నావని ఆ డబ్బు ఆపకూడదని ఫెడరల్ చట్టమే చెప్తోంది, కానీ ఆ ఆమోదమేదో ముందే రాయించుకోకపోతే తర్వాత కిందా మీదా పడాలి.

ఇక అసలు ట్రైనింగ్ డబ్బు వల్ల జీతాలు పెరుగుతాయా? పాత 1998 చట్టం మీద ఓ పెద్ద స్టడీ చేశారు, జనాన్ని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేసి ఒక గుంపుకి మామూలు సేవలు, ఇంకో గుంపుకి వాటితో పాటు మనిషి పక్కన కూర్చుని చేసే సాయం, మూడో గుంపుకి ఇవన్నీ ప్లస్ ట్రైనింగ్ డబ్బు. ముప్పై నెలల తర్వాత చూస్తే మనిషి చేసిన సాయం వల్ల సంపాదన పెరిగింది, దాని మీద ట్రైనింగ్ డబ్బు ఇచ్చినందుకు అదనంగా పెరిగినట్టు తేలలేదు. అంటే కోర్సులన్నీ దండగని కాదు, ఒక రంగాన్ని పట్టుకుని అక్కడి కంపెనీలతో మాట్లాడుకుని నేర్పే ప్రోగ్రాములకి ఇలాంటి స్టడీల్లోనే మంచి ఫలితాలొచ్చాయి. కానీ అన్నయ్య విషయంలో నేను కళ్ళారా చూసింది మాత్రం మనిషి చేసిన సాయమే. వాడి రెజ్యూమే ఏడు పేజీలు, మనవాళ్ళవన్నీ అంతేగా, ప్రతి ప్రాజెక్టుకీ పాతిక పాయింట్లు. కేస్ మేనేజర్ ఎర్ర పెన్ను తీసి రెండు పేజీలకి తెచ్చింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ సాఫ్ట్‌వేర్ అన్నేళ్ళు టెస్ట్ చేశావంటే క్లెయిమ్స్ ఎలా నడుస్తాయో నీకు తెలిసుండాలే, అది ఎక్కడా రాయలేదేంటి అంది. దానికి వోచరేం ఖర్చు కాలేదు.

రెండోది కమ్యూనిటీ కాలేజీ, అంటే ఊళ్ళోనే ఉండే చవక రెండేళ్ళ కాలేజీ, పెల్ గ్రాంటుతో, అంటే ఆదాయం తక్కువున్న విద్యార్థులకి ఫెడరల్ గవర్నమెంట్ ఇచ్చే డబ్బుతో. 2025-26కి ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు, చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు పోను పుస్తకాలకి కూడా మిగులుతుంది. వినడానికి అన్నిటికన్నా ఇదే బావుంటుంది, కానీ మామూలు పెల్ డిగ్రీ ఉన్నవాళ్ళకి రాదు. అమెరికా డిగ్రీయే కదా అనుకుంటారు, కాదు, మన బీటెక్కులూ బీకాములూ బ్యాచిలర్స్‌కి సమానమని లెక్కలోకొస్తే అంతే సంగతులు. మన ఇళ్ళల్లో డిగ్రీ లేనివాళ్ళెవరు చెప్పండి! ఇంటర్ అయ్యాకే పెళ్ళై వచ్చేసి డిగ్రీ పూర్తి చేయని వదినలూ పిన్నిలూ ఉంటారు, వాళ్ళకి మాత్రం బంగారం లాంటి దారి, ఇంటి ఆదాయం చూస్తారు కాబట్టి ఎంతొస్తుందనేది ఇంటింటికీ వేరు. ఇన్నాళ్ళూ 15 వారాలకన్నా చిన్న కోర్సులకి చాలావరకు పెల్ ఉండేది కాదు, 2025 జులై 4న సంతకమైన చట్టంతో వర్క్‌ఫోర్స్ పెల్ అని కొత్తది పెట్టారు, 2026 జులై 1 నుంచి 8 వారాలకి తగ్గని చిన్న కోర్సులకి కూడా. దానికి పెట్టిన షరతు నాకు నచ్చింది, చేరినవాళ్ళలో 70 శాతం పూర్తి చేయాలి, పూర్తి చేసినవాళ్ళలో 70 శాతానికి ఉద్యోగం రావాలి, అప్పుడే ఆ కోర్సుకి డబ్బు.

మూడోది రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్, అంటే గవర్నమెంట్ దగ్గర నమోదైన, పని చేస్తూనే నేర్చుకునే ప్రోగ్రాం. ఇది 1937 నాటి చట్టం. ఇక్కడ ఫీజు అన్న మాటే వెనక్కి పోతుంది, మొదటి రోజు నుంచి జీతం, పని నేర్చుకునేకొద్దీ మెట్లు మెట్లుగా పెంచాలని రూల్స్‌లోనే ఉంది, కనీసం 2,000 గంటల పని, ఏడాదికి కనీసం 144 గంటల క్లాసు ఉంటే మంచిదని సిఫార్సు. ఫెడరల్ డబ్బు ఇందులోకి పక్కదారిన వస్తుంది, గ్రాంట్లుగా, క్లాసు ఖర్చులో కొంతగా, కొన్నిచోట్ల యజమాని ఇచ్చే జీతంలో సగం దాకా వెనక్కివ్వడంగా. మా వీధబ్బాయి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరాడు. వాళ్ళమ్మ నా దగ్గర ఏడ్చింది, ఊళ్ళో ఏం చెప్పుకోమంటావమ్మా, కరెంటు పనికి అమెరికా ఎందుకంటారు అని. టెక్సస్‌లో జర్నీమ్యాన్ లైసెన్సుకి, అంటే అప్రెంటిస్ దశ దాటిన ఎలక్ట్రీషియన్ లైసెన్సుకి, 8,000 గంటలు కావాలి, అంటే నాలుగేళ్ళ పైమాటే, ఎండాకాలం అటకల మీద పాకుతూ చేసే పని, తేలికేం కాదు, కానీ ఆ నాలుగేళ్ళూ అప్పు పెరగదు, జీతం పెరుగుద్ది. వాడి వయసులో నాకెవరైనా చెప్పుంటే బావుండేది అనిపించింది.

మరి అన్నయ్యకి కూడా అప్రెంటిస్‌షిప్ ఎందుకు కాదు? వయసు అడ్డం కాదు, ఐటీ అప్రెంటిస్‌షిప్‌లూ ఉన్నాయి. కానీ మొదటి మెట్టు జీతంతో ఇంటి ఈఎమ్‌ఐ కట్టలేడు, అంతే.

మధ్యలో ఓ మాట. అన్నయ్య మొదట్లో గవర్నమెంట్ సొమ్ము తినడం నామోషీ అన్నాడు. హెచ్ వన్ వేసినప్పుడు కంపెనీలు కట్టే ఫీజుల్లో ఒకటి ట్రైనింగ్ ఫీజు, పెద్ద కంపెనీకి 1,500 డాలర్లు, చిన్నదానికి 750. అందులో సగం ఇక్కడివాళ్ళకి ట్రైనింగ్ గ్రాంట్లకే లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పోతుంది, 2015లో ఆ డబ్బుతోనే 17.5 కోట్ల డాలర్ల అప్రెంటిస్‌షిప్ గ్రాంట్లిచ్చారు. వియోవా డబ్బు దీంట్లోది కాదు నిజమే, కానీ నీ పేరు మీద ఈ దేశం ట్రైనింగ్ ఖాతాలో ఇన్నేళ్ళుగా జమ పడుతూనే ఉందిరా బాబూ అన్నా. ఇంకో విడ్డూరం, పని బయటి దేశాలకి పోయి ఉద్యోగం ఊడినవాళ్ళకి ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అని వేరే ప్రోగ్రాం ఉండేది, ట్రైనింగ్‌తో పాటు వారం వారం డబ్బులు, మూడింటికన్నా అదే మెరుగు. 2022 జులై 1 నుంచి కొత్త పిటిషన్లు తీసుకోవడం మానేశారు. అన్నయ్య పని వెళ్ళింది ఎక్కడికో తెలుసా, హైదరాబాద్‌కే, మా బాబాయి కూతురు పనిచేసే గచ్చిబౌలి బిల్డింగ్‌కే.

కాబట్టి నన్నడిగితే, డిగ్రీ ఉండి లేఆఫ్ అయినవాళ్ళకి జాబ్ సెంటరే, వోచర్ కోసం కాదు ఆ ఎర్ర పెన్ను కోసం, వోచర్ వస్తే సరే సరి. డిగ్రీ లేని పెద్దవాళ్ళకి కమ్యూనిటీ కాలేజీ. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి, చేతులతో పని ఇష్టమైతే, అప్రెంటిస్‌షిప్పే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బూట్‌క్యాంప్ క్రెడిట్ కార్డు మీద అన్నిటికన్నా ఆఖర్న.

అన్నయ్య లిస్టులో ఉన్న క్లౌడ్ సర్టిఫికేషన్ ఒకటి వోచర్ మీద చేశాడు, కానీ ఉద్యోగం వచ్చింది మాత్రం ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ సిస్టమ్స్ అనలిస్ట్‌గా, పాత జీతం కన్నా కొంచెం తక్కువే. చేరిన అయిదారు నెలలకి కేస్ మేనేజర్ ఫోన్ చేసి ఇంకా అక్కడే ఉన్నావా, ఒక పే స్టబ్ (జీతం చీటీ) పంపుతావా అని అడిగిందట. ప్రోగ్రాం నుంచి బయటికొచ్చాక రెండో క్వార్టర్‌లో (మూడు నెలలకొకటి), నాలుగో క్వార్టర్‌లో ఉద్యోగం ఉందా లేదా అన్నదాన్ని బట్టే వాళ్ళ పనితీరు లెక్కేస్తారు మరి. వీడేమో ఆవిడ ప్రేమగా అడిగిందనుకుని పే స్టబ్‌తో పాటు పుల్లారెడ్డి స్వీట్స్ డబ్బా కూడా పట్టుకెళ్ళాడు. రూల్స్ ఒప్పుకోవని డబ్బా వెనక్కిచ్చేసి, పే స్టబ్ ఒకటి తీసుకుందట.